పాస్‌వర్డు తెలిసినవాళ్ళు

మా బడిలో ఆవిడను అసలు పేరుతో పిలిచే అలవాటు ఎవరికీ లేదు. పిల్లలకు ఆవిడ సేవ్ టీచర్. పీరియడ్‌లో పదిసార్లైనా "సేవ్ చేశారా?" అని గది దద్దరిల్లేలా అరుస్తుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. నాకు మాత్రం అక్క. నేను లైబ్రరీ చూస్తాను. నా గదికీ ఆవిడ కంప్యూటర్ గదికీ మధ్య ఒకటే గోడ.

అక్క మొదట టైపు నేర్పేది. టైపు మిషన్లు మూలపడ్డాక నలభై రెండో ఏట కంప్యూటరు ముందు కూర్చుంది. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళ మధ్య, వాళ్ళు ముసిముసిగా నవ్వుతున్నా చెవిన పెట్టకుండా, అ ఆల నుంచి నేర్చుకుంది. పని వచ్చింది గానీ భయం పోలేదు. "ఈ తెర వెనక నాకు తెలియనిది ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుందే. ఏ రోజు అందరి ముందూ బయటపడతానో" అనేది నాతో.

గదిలో ఇరవై రెండు కంప్యూటర్లు. పనిచేసేవి పదిహేడు. కీబోర్డుల మీద అరిగిపోయిన అక్షరాలను ఆవిడే గోళ్ళరంగుతో దిద్దుకునేది. బడి వదిలి కాలేజీకి వెళ్ళబోయే ఆఖరి తరగతి పిల్లలంటే ఆవిడకు ప్రత్యేకమైన బెంగ. వాళ్ళు ఫోను మీద వేలు పెడితే గాలిలో తేలిపోతారు. అదే కంప్యూటరు ముందు కూర్చోబెడితే తాము దాచిన ఫైలు ఎక్కడుందో తామే చెప్పలేరు. ఒకడు తన ప్రాజెక్టుకు "కొత్తది", "కొత్తది చివరిది", "చివరిది అసలుది" అని మూడు పేర్లు పెట్టుకుని, ఏది ఇవ్వాలో తెలియక తల పట్టుకున్నాడు. ఇంకొకడి ఈమెయిల్ చిరునామా "గూండా నంబర్ వన్".

"రేపు కాలేజీ వాళ్ళు నీకు ఉత్తరం రాస్తే 'గౌరవనీయులైన గూండాగారికి' అని రాయాలట్రా?" అని అక్క అడిగితే గదంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు. మర్నాటికి చిరునామా మార్చుకొచ్చాడు.

ఫైలుకు పేరెలా పెట్టాలి, రెండో కాపీ ఎక్కడ దాచాలి, ఉత్తరానికి కాగితం ఎలా జతచేయాలి, అంకెలను పట్టికలో ఎలా పేర్చాలి, దొంగ వెబ్‌సైటును ఎలా పసిగట్టాలి, ఇవన్నీ విసుగు లేకుండా చెప్పేది. పాస్‌వర్డు గురించి ఒక పూట పాఠం. "ఇంటి తాళంచెవి పదిమందికిచ్చి ఊరెళ్తే, దొంగ పడ్డా పడకపోయినా మీకు నిద్ర పట్టదు. కన్నతల్లికైనా సరే, చెప్పొద్దు" అనేది.

అంత చెప్పిన మనిషి ఆ ఏడు ఒక పని చేసింది. కారణం లేకపోలేదు. ముందు ఏడాది ఐదుగురు పిల్లలు కాలేజీ దరఖాస్తు పాస్‌వర్డు మరిచిపోయి ఆఖరి రోజు లబోదిబోమన్నారు. ఇద్దరికి గడువు దాటిపోయింది. ఆ ఇద్దరి తల్లులూ అక్క బల్ల ముందు నిలబడి అన్న మాటలు గోడకు ఇవతల నేను విన్నాను. పగవాళ్ళను కూడా అలా అనరు. అందుకని ఈసారి అరవై నాలుగు మందికీ తనే పాస్‌వర్డు పెట్టింది. రోల్ నంబరు, దాని పక్కన పుట్టిన తేదీ. ఎవరు మరిచినా చిటికెలో చెప్పొచ్చు. ఆ సంగతి ఒక కాగితం మీద అచ్చు వేయించి, తల్లిదండ్రుల సంతకం పెట్టించుకు రమ్మని ఇళ్ళకు పంపింది కూడా.

"ఎవరికీ చెప్పొద్దని పాఠం చెప్పేది నువ్వే కదక్కా?" అన్నాను.

"పాఠం వేరు, ఆఖరి రోజు వేరు. ఆ రోజు నా గుండె ఎలా కొట్టుకుంటుందో నీకేం తెలుసు?" అంది.

నేను నా గదికి వచ్చేశాను. గట్టిగా అడిగి ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ అరవై నాలుగు మందిలో డ్రైవరుగారమ్మాయి ఒకతె. తండ్రి సిటీ బస్సు నడుపుతాడు. తల్లికి రెండేళ్ళుగా కిడ్నీల జబ్బు. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. తీసుకెళ్ళేది, తీసుకొచ్చేది ఎక్కువగా ఈ పిల్లే. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని చదువుకుని క్లాసులో మొదటి ముగ్గురిలో ఉండేది. రాళ్ళన్నా, నేల లోపలి నీళ్ళన్నా ఆమెకు పిచ్చి. నా లైబ్రరీలో ఆ పుస్తకాలున్న బీరువా తాళం నా కన్నా ఆమే ఎక్కువ తీసింది. ఆ చదువు ఉన్న మంచి కాలేజీ పొద్దున రైలెక్కితే చీకటి పడేవేళకు చేరేంత దూరంలో ఉంది.

కాలేజీలను పోల్చుతూ పట్టిక తయారుచేయమని అక్క అందరికీ పని ఇస్తే, ఈ పిల్ల పదకొండు కాలేజీలు రాసింది. కోర్సు, దూరం, హాస్టలు, నిరుడు ఎన్ని మార్కుల దగ్గర సీటు ఆగింది, అన్నీ ఉన్నాయి. చివర ఎవరూ రాయని గడి ఒకటి. "అమ్మకు బాగోలేకపోతే ఎన్ని గంటల్లో రాగలను." దానికి ఎదురుగా పదకొండు అంకెలు. అక్క ఆ కాగితం తెచ్చి నాకు చూపించి, మళ్ళీ మడిచి తీసుకెళ్ళిపోయింది.

ఇంట్లో తల్లి ఒప్పుకుంది. "నేనూ మీ నాన్నా ఎలాగో అలా నెట్టుకొస్తాం, నువ్వెళ్ళు" అంది. తండ్రి ఔననలేదు, కాదనలేదు. అక్క పంపిన కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు.

ఒక సోమవారం పొద్దున పిల్లలందరి చేతా అక్క కాలేజీల ఆప్షన్లు వరసగా పెట్టించింది. డ్రైవరుగారమ్మాయి దూరపు కాలేజీని మొదట పెట్టింది. శనివారం దాకా మార్చుకునే వీలుంది గానీ అక్క అందరినీ హెచ్చరించింది. "పంపేశాక మళ్ళీ మళ్ళీ తెరిచి కెలకొద్దు. అసలే అది రద్దీకి మొరాయిస్తుంది." పిల్లలు మాట విన్నారు.

మూడు వారాలకు సీట్ల జాబితా వచ్చింది. ఆ రోజు గోడ అవతల కేరింతలు వింటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి నిశ్శబ్దం. వెళ్ళి చూద్దును కదా, అందరూ ఒక తెర ముందు మూగి ఉన్నారు. "మీరు కోరుకున్న మొదటి ఆప్షనే దొరికింది. అభినందనలు" అని పూలగుత్తి బొమ్మతో సహా ఉంది. దాని కింద మా ఊళ్ళోనే ఉన్న కాలేజీ పేరు. కోర్సు ఆఫీసు నిర్వహణ.

"నేను పెట్టింది ఇది కాదు టీచర్" అంది ఆ పిల్ల. అరవలేదు. ఎవరో తప్పుడు చిరునామాకు వస్తే చెప్పినంత మామూలుగా అంది.

సాయంత్రానికి బడంతా ఒకటే గుసగుస. హెడ్‌మాస్టరు పిలిపించి, "మీ చెయ్యి ఎక్కడైనా జారిందేమో గుర్తు తెచ్చుకోండమ్మా" అన్నారు. ఆయన మెత్తగానే అన్నారు. స్టాఫ్ రూమ్‌లో ఆ మెత్తదనం లేదు. "టైపు మిషను చెయ్యి కదా, అలవాటు ఎక్కడికి పోతుంది?" అన్నారెవరో. అక్క వాకిట్లోనే ఉంది. విని, చేతిలోని హాజరు పట్టీ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది. మర్నాడు ఆరుగురు తల్లిదండ్రులు తమ పిల్లల ఆప్షన్లు కూడా తారుమారయ్యాయేమో చూడమని మీద పడ్డారు.

వాళ్ళ వెనకే డ్రైవరు కూడా వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో టిఫిను డబ్బా. ఇతను ఇంకెంత రభస చేస్తాడోనని నేను బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాను. ఆయన అందరూ వెళ్ళేదాకా ఆగి, "పోనీలెండి టీచరమ్మా. ఊళ్ళోనే ఉంటుంది. ఇందులో మీ తప్పేముంది?" అన్నాడు. నేల చూస్తూ అన్నాడు. అంతవరకు నిబ్బరంగా ఉన్న అక్క ఆ మంచి మాటకు భోరుమంది.

రెండు రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు. తన చెయ్యే జారిందని తనే నమ్మడం మొదలుపెట్టింది. ఆవిడ భర్త ఇంటి ముందు గదిలో గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని తల ఎత్తకుండానే లోకం సంగతులన్నీ కనిపెడతాడు.

"ఏంటి, మళ్ళీ అన్నం కెలికి లేచిపోతున్నావు?"

"నా వల్లే ఆ పిల్ల బతుకు పాడైందండీ."

"గడియారం ఆగిపోతే నేను శకునం చూస్తానా? వెనక మూత తీసి చూస్తాను. నీ డబ్బాకు వెనక మూత లేదా?"

ఉంది. ఆ వెబ్‌సైటులో "ఖాతా వివరాలు" అని ఒక పేజీ ఉంది. ఖాతాను ఎప్పుడు, దేని మీద నుంచి తెరిచారో అందులో వరసగా ఉంటుంది. అక్క ఎన్నడూ దాన్ని తెరవలేదు, పిల్లలకు చూపనూ లేదు. ఆ మధ్యాహ్నమే తెరిచి చూసుకోవచ్చు, పాస్‌వర్డు ఆవిడకు తెలుసు. కానీ తెరవలేదు. ఆ పిల్లను పిలిపించి, నన్ను కూడా తోడు కూర్చోమంది.

"నీ ఖాతా నువ్వే తెరువమ్మా. నేను పక్కన ఉంటాను" అంది.

పిల్ల తెరిచి చదివింది. "సోమవారం, పది ఇరవై. కంప్యూటర్. ఇది ఇక్కడిదే టీచర్."

"దాని కింద?"

"గురువారం, పదకొండు పది. మొబైల్ ఫోన్. ఆప్షన్లు మార్చబడ్డాయి."

గురువారం పదకొండు పదికి ఈ పిల్ల ప్రాక్టికల్ పరీక్షలో ఉంది. పిల్లల ఫోన్లు హెడ్‌మాస్టరు బీరువాలో ఉన్నాయి. ఆ గదిలో కాపలా కూర్చున్నది అక్కే. "నేను కాదు" అంది అక్క. ఆ క్షణం ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు నేను చూశాను. దాన్ని దాచుకోవాలని కూడా ఆవిడకు తట్టలేదు.

పిల్ల ఇంకా తెర వైపే చూస్తోంది. మార్పు ఖాయం చేసుకోవడానికి ఓటీపీ పంపిన ఫోను నంబరు, చివరి నాలుగంకెలు మాత్రం, అక్కడ ఉన్నాయి.

"ఇది నాన్న నంబరు టీచర్" అంది. కొంచెం ఆగి, "ఆ రోజు నాకు పరీక్షని ఆయన సెలవు పెట్టారు. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. పదకొండింటికి అమ్మ మిషను మీద ఉంటుంది. నాన్న బయట బెంచీ మీద ఉంటారు" అంది.

ఫిర్యాదు పెట్టుకునే గడువు మర్నాడు సాయంత్రం ఐదింటి వరకు ఉంది. అక్క ఆ పత్రం తెరిచింది. "మీ అనుమతి లేకుండా ఖాతా వాడిన వ్యక్తి పేరు" అని ఒక గడి. దాని కింద, ఆ వ్యక్తి మీద చట్టప్రకారం చర్య ఉంటుందని ఒక వాక్యం.

"నాన్న ఉద్యోగం పోతుందా టీచర్?"

"నాకు తెలియదు తల్లీ."

"అయితే వద్దు. ఆ పేజీ ప్రింటు కూడా తియ్యకండి."

ప్రింటు తీస్తే అక్క మీద పడ్డ మాట పోతుంది. ఆ సంగతి ఆ పిల్లకు తట్టలేదు, మా ఇద్దరికీ తెలుసు. అక్క చెయ్యి మౌసు మీదే ఉంది. చాలాసేపు ఉంది. తరవాత కిటికీ మూసినట్టు ఆ పేజీ మూసేసి, "నువ్వెళ్ళమ్మా, బస్సు తప్పిపోతుంది" అంది.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బస్సుల డిపోకు వెళ్ళింది. డ్రైవరు కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. మమ్మల్ని చూడగానే ఆయనకు అర్థమైపోయింది. తుడుచుకోకుండానే నిలబడ్డాడు, గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"అమ్మాయికి తెలిసిపోయిందా?"

"తెలిసింది. ఎవరికీ చెప్పొద్దంది" అంది అక్క.

"మీరు పంపిన కాగితంలోనే పాస్‌వర్డు ఉంది టీచరమ్మా. దాన్ని చీటీ మీద రాసుకుని, జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను." ఆయన బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. "నేను తెల్లవారుజామున నాలుగింటికి ఇంట్లోంచి పోతాను. పిల్ల వెళ్ళిపోతే మా ఆవిడ ఒక్కత్తే ఉంటుంది. లేచి నీళ్ళు తాగబోయి పడిపోయింది ఒకసారి. పిల్ల ఉంది కాబట్టి సరిపోయింది."

"ఆ మాటే పిల్లతో చెప్పొచ్చు కదండీ. ఉండిపోవే అని అడగొచ్చు కదా!"

"అడిగితే సరే అంటుంది." తల ఎత్తాడు. "అదే కదా భయం. ఏడవదు, గొడవ చెయ్యదు, సరే నాన్నా అంటుంది. ఆ మాట దాని నోటి నుంచి వినే ధైర్యం నాకు లేదు. కంప్యూటరు ఇచ్చిన సీటు అనుకుంటే ఎవరి మీదా కోపం ఉండదని..."

"ఆ సరే అనేది దానిదండీ. కాదనేదీ దానిదే. ఆ రెండూ మీరే తీసేసుకున్నారు" అంది అక్క. రేపు ఐదింటిలోగా మీరే వచ్చి ఒప్పుకుని రాసిస్తే ఏదైనా చెయ్యొచ్చేమోనని చెప్పింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. బస్సు బయల్దేరే వేళైంది, ఎక్కి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దునే అక్క హెడ్‌మాస్టరుకు ఒక ఉత్తరం ఇచ్చింది. టైపు చేసిన అర పేజీ. పిల్లలందరికీ ఒకే తీరు పాస్‌వర్డు పెట్టింది తానని, దాన్ని కాగితం మీద ఇంటింటికీ పంచింది తానని, పంపాక తెరిచి చూసుకోవద్దని చెప్పిందీ తానేనని, జరిగినదానికి బాధ్యత తనదని రాసింది. తెరిచిందెవరో రాయలేదు. హెడ్‌మాస్టరు చదివి, నిట్టూర్చి, గది తాళాలు తీసుకున్నారు. అక్కను ఆఫీసులో పాత రికార్డులు సర్దే పనికి వేశారు. ఐదింటిదాకా నేను గేటు వైపు చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు.

డ్రైవరు వచ్చాడు. కాకపోతే ఆ మరుసటి రోజు వచ్చాడు. రాత్రి భార్యకు చెప్పేశాడట. ఆవిడ, "నన్ను అడ్డం పెట్టుకుని దాని నోరు కట్టేశారా? నేను చచ్చినా దాని దారికి అడ్డం రానని ఒట్టు పెట్టుకున్నదాన్ని" అని గోడ వైపు తిరిగి పడుకుందట. ఆయన హెడ్‌మాస్టరు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు, రాసిచ్చాడు. హెడ్‌మాస్టరు పై ఆఫీసుకు ఫోను చేశారు. ఒక రోజు ఆలస్యమైందని, ఒక రోజైనా ఒక నెలైనా ఒకటేనని వాళ్ళు చెప్పారు. దూరపు కాలేజీలో ఆ సీటు అప్పటికే ఇంకెవరికో వెళ్ళిపోయింది.

హెడ్‌మాస్టరు తాళాలు తిరిగి ఇవ్వబోతే అక్క తీసుకోలేదు.

"ఆయన తలుపు తీశాడు సార్. తాళంచెవి ఊరంతా పంచింది నేనే కదా. ఆ ఉత్తరం అలాగే ఉండనివ్వండి" అంది. ఆ ఏడాదంతా దుమ్ము కొట్టుకుపోయిన రిజిస్టర్ల మధ్యే గడిపింది. స్టాఫ్ రూమ్‌లో నోరు జారినవాళ్ళు క్షమించమని అడగలేదు. అక్క ఎదురుపడితే మాత్రం వాతావరణం గురించి తెగ మాట్లాడేవాళ్ళు.

డ్రైవరుగారమ్మాయి మా ఊళ్ళోని కాలేజీకి సరిగ్గా పంతొమ్మిది రోజులు వెళ్ళింది. ఇరవయ్యో రోజు మానేసింది. తల్లిని తీసుకెళ్ళే ఆసుపత్రిలోనే రోగుల పేర్లు, వేళలు కంప్యూటరులోకి ఎక్కించే పనికి కుదిరింది. వాళ్ళు అంతవరకు గోడకు అంటించిన కాగితం మీద కొట్టివేతలతో లాగించేవాళ్ళు. ఈ పిల్ల పట్టిక వేసి, ఎవరి వంతు ఎప్పుడో ముందురోజే తెలిసేలా చేసింది. తెల్లారకముందే వచ్చి వరండాలో కూర్చునే ముసలివాళ్ళు కాస్త పొద్దెక్కాక రావడం మొదలుపెట్టారు. ఈ సంగతి అక్కకు చెబితే సంతోషించింది, వెంటనే ముఖం మాడ్చుకుంది. "ఇప్పుడు ఉండాల్సింది అక్కడ కాదు కదే" అంది.

తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు చాలా నెలలపాటు మందులూ, వేళలూ, తాళాలూ వరకే. ఆ పిల్ల కోపం చూపలేదు. ఆయన ఆలస్యంగా వస్తే అన్నం మూత పెట్టి ఉంచేది. చదువు ఊసు మాత్రం ఆయన ముందు ఎత్తేది కాదు. "తిట్టినా బాగుండును" అని ఆయన ఒకరోజు స్టాపులో నాతో అన్నాడు. వెనక జనం తోసుకొస్తుంటే నేను బస్సులోకి జరిగాను.

మళ్ళీ ఏడు తిరిగేసరికి తల్లి ఆరోగ్యం ఇంకొంచెం క్షీణించింది. ఆ పిల్ల మళ్ళీ దరఖాస్తు పెట్టింది. ఆసుపత్రి కంప్యూటరు మీదే, ఒక్కతే కూర్చుని పెట్టింది. రెండు గంటల ప్రయాణంలో ఉన్న ఒక మామూలు కాలేజీలో, నేలా నీళ్ళూ చదివే కోర్సులోనే సీటు వచ్చింది. వారంలో నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ. మొదటి ఆప్షను ఏది పెట్టిందో, దూరపు కాలేజీ రాలేదో, తనే వద్దనుకుందో ఎవరికీ చెప్పలేదు. తల్లి అడిగితే నవ్వి ఊరుకుందట. తండ్రి అడగలేదు. మేమూ అడగలేదు.

ఆ ఏడు అక్క మళ్ళీ కంప్యూటర్ గదిలోకి వచ్చింది, నిండు మనసుతో కాదు, ఇంకెవరూ దొరకక హెడ్‌మాస్టరు బతిమాలితే. పిల్లలు తమ పాస్‌వర్డులు తామే పెట్టుకున్నారు. ఆఖరి రోజు ముగ్గురు మరిచిపోయారు. ఇద్దరివి దొరికాయి, ఒకడిది దొరకలేదు. వాడి తల్లి వచ్చి నానా మాటలూ అంది. అక్క కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, చివరిదాకా నిలబడి వింది. ఆ తల్లి వెళ్ళాక నేను మంచినీళ్ళు తీసుకుని వెళ్తే గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"అలా చేసినా తప్పే, ఇలా చేసినా తప్పే" అంది. గ్లాసు కిటికీలో పెట్టి, ఆ కుర్రాడి కోసం పై ఆఫీసుకు ఉత్తరం టైపు చెయ్యడానికి కూర్చుంది.